మూడు ముక్కల ఏడాది

ఆ ఉదయం ఆకాశం ఒక పక్క కురుస్తూ ఒక పక్క కాస్తూ ఉంది. నైరుతి గాలి మబ్బుల్ని గుట్టల మీదుగా తరుముతుంటే వాటి నీడలు పచ్చటి గోధుమ మీద పాకి, మా కొట్టం మీదికెక్కి, అవతలి వాలులోకి దిగిపోతున్నాయి. ఏప్రిల్లో మా దగ్గర ఇది మామూలే. వాన పడిందా అని ఎవరైనా అడిగితే ఏ గుట్ట మీద అని ఎదురడగాలి.

కొట్టం వెనక చిన్న ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. పొద్దున కాఫీ మాత్రం అన్నయ్య వాళ్ళింట్లోనే. నేను వెళ్ళేసరికి మా అన్నయ్య వెర్లిన్ గోడ మీది క్యాలెండరు తీసి భోజనాల బల్ల మీద పరిచి ఉన్నాడు. ఊళ్ళో గోధుమల గోదాము వాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండరు అది. విత్తింది, కోసింది, మంచు కొట్టింది, అన్నీ దాని మీద పెన్సిలుతో పడతాయి. దాని మీద పడనిది మా ఇంట్లో జరగనట్టే. అన్నయ్య దాని మీద కుడి అరచెయ్యి గట్టిగా ఆనించి కూర్చున్నాడు. అలా ఆనిస్తే వణుకు కనపడదు.

అతని కూతురు లినేయాకి రెండు కాలేజీల్లో సీటొచ్చింది. రెండూ ఫీజు తామే భరిస్తామన్నాయి. ఆ పిల్ల చదవాలనుకున్నది వంతెనల చదువు. వాగు మీది పాత రైలు వంతెన కూల్చేసిన నాడు చూడ్డానికి ఊరంతా పోయింది. అందరూ అది ఎలా కూలుతుందో చూశారు. ఇన్నాళ్ళు ఎలా నిలబడిందని అడిగిన మనిషి లినేయా ఒక్కతే. అప్పటికి పలకరిస్తే తల్లి వెనక దాక్కునే వయసు.

కాలేజీల్లో ఒకటి నది దిగువన ఉంది. ఏడాదిని రెండు ముక్కలు చేసి చెప్తుంది. దాన్ని సెమిస్టర్ పద్ధతి అంటారు. ఒక్కో ముక్క పదిహేను వారాలు. ఆగస్టు చివర్లో మొదలుపెట్టి మే మొదట్లో వదిలేస్తారు. రెండోది కొండల అవతల, సముద్రం వైపు. వాళ్ళది క్వార్టర్ పద్ధతి. వేసవి వదిలేస్తే మూడు ముక్కలు, ఒక్కోటి పది వారాలు. సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది, జూన్ నడిమికి గాని వదలరు. మా ఇంట్లో ఆ పేర్లు నిలవలేదు. రెండు ముక్కల కాలేజీ, మూడు ముక్కల కాలేజీ అనే అనుకున్నాం.

అన్నయ్య వేలు ఆగస్టు మీద నిలబడింది. "కోత మధ్యలో బడి తెరిచేవాళ్ళకి రొట్టె ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు," అన్నాడు.

మా వదిన నడీన్ పొయ్యి దగ్గర నుంచే అంది. "నువ్వు చూసేది కాలేజీనా, కోత మనిషినా?"

"రెండూ ఒక్క చోటే దొరుకుతుంటే వద్దంటానా?"

"పెళ్ళికీ ఇంతే చేశాడు మీ అన్న," అని వదిన నా వైపు తిరిగింది. "ఆఖరి లారీ గోదాముకి చేరాక గాని చర్చికి రాలేదు. కోటు మీద పొట్టు నేనే దులిపాను."

బల్ల అవతల కూర్చున్న లినేయా నవ్వింది. అన్నయ్యా నవ్వాడు. క్యాలెండరు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

మా పొలాలు చదును నేల కాదు. గోడకి నిచ్చెన వేసినట్టుండే వాలు. ఆ వాలు మీద కోత మిషన్ నడపాలంటే చెయ్యి స్థిరంగా ఉండాలి. నాకు చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఒంటి కన్నుకి వాలు లోతు అందదు, అందుకని నేను లారీతోనే సరిపెట్టుకుంటాను. జీతానికి వచ్చినవాళ్ళు ఒక పూట ఆ వాలు చూసి మర్నాడు రారు. అన్నయ్య తర్వాత ఆ మిషన్ మీద కూర్చోగలిగింది లినేయా. పదిహేనేళ్ళు దాటినప్పటి నుంచీ అతని పక్కన కూర్చుని నేర్చుకుంది.

ఇంకో దారి లేకపోలేదు. మా వైపు ఒక ఆచారం ఉంది. పంట నిలబడి ఉండగా ఇంటివాడు పడిపోతే, చుట్టుపక్కలవాళ్ళు తమ కోత ఆపేసి మిషన్లు తోలుకొస్తారు. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. పొద్దున మొదలెట్టి సాయంత్రానికి కోసేసి పోతారు. కృతజ్ఞతలు చెప్తే వినిపించనట్టు ఉంటారు. అన్నయ్య చాలాసార్లు అందరికంటే ముందు తన మిషన్ తోలుకెళ్ళాడు. కానీ అలా మిషన్లు దిగిన పొలాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు ఆ ఇంటివాళ్ళ చేతిలో లేదు. ఆ మిషన్లు వచ్చాయంటే ఇంటివాడు పోయాడనో, పోబోతున్నాడనో అర్థం. ఇంట్లో ఎదిగిన బిడ్డ ఒకరు పని చేస్తున్నంత కాలం రారు. అన్నయ్య క్యాలెండరులో వెతుకుతున్నది ఆ మిషన్లు రాకుండా కోత దాటించే దారేనని నాకు తెలుసు. వదినకీ తెలుసు.

ఆ మధ్యాహ్నం లారీకి గ్రీజు పెడుతుంటే లినేయా వచ్చి నా పక్కన కూర్చుంది. నాతో మాట్లాడాలంటే పనిలో ఉండగా రావాలని ఆ పిల్లకి తెలుసు.

"బాబాయ్, నేను దేన్నైనా నెమ్మదిగా పట్టుకుంటాను. పట్టుకున్నాక వదలను. లెక్కల మాస్టారు కూడా అదే అన్నాడు. పదిహేను వారాల చోటికి పో, నీకు మొదటి నెల చీకటిగానే ఉంటుంది, తర్వాత తెల్లవారుతుంది అన్నాడు."

"మీ నాన్నకి చెప్పు."

"నాన్న చెయ్యి చూశావా నువ్వు?"

చూశానన్నాను. ఆ పిల్ల గుడ్డతో గ్రీజు తుడుచుకుని లేచిపోయింది.

సాయంత్రం నేనే అన్నయ్యతో అన్నాను. "పది వారాల్లో ఏం పండుతుంది అన్నయ్యా, ముల్లంగి తప్ప?"

"ముల్లంగి పండినా చాల్లే," అన్నాడు. మర్నాడు క్యాలెండరు మళ్ళీ గోడెక్కింది. సెప్టెంబరు చివర ఒక రోజు చుట్టూ పెన్సిలుతో గీత ఉంది. గీత గుండ్రంగా రాలేదు.

ఆగస్టులో లినేయా క్లాసు పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం మిషన్ మీద ఉంది. పక్క సీట్లో అన్నయ్య, కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని. కింద నుంచి చూస్తే మిషన్ గుట్టని చుట్టి నిదానంగా దిగేది, ఎక్కడా తొణికేది కాదు. నేను గింజ నింపుకుని గోదాముకి తోలేవాణ్ణి. ఒకరోజు అన్నయ్య నాతో లారీలో వచ్చినప్పుడు, అక్కడ కాటా దగ్గర మా పక్క పొలం హార్లన్ తన లారీ ఆపి అతన్ని అడిగాడు, పని ఎలా సాగుతోందని. ఆ మాటకి అర్థం వేరే ఉంది.

"లినేయా ఉందిగా," అన్నాడు అన్నయ్య.

"ఉంది," అన్నాడు హార్లన్, టోపీ సర్దుకుని.

కోత ముగిసింది. కాలేజీ తెరవడానికి ఇంకా వారాలు మిగిలాయి. సెప్టెంబరు చివర్లో లినేయా తన పరుపూ దీపమూ పికప్ బండిలో వేసుకుని కొండలు దాటి వెళ్ళింది. ఆ రోజు అన్నయ్య కొట్టంలో ఈల వేసుకున్నాడు. అతని ఈల విని చాలా ఏళ్ళయింది. వదిన మాత్రం పళ్ళెం కడుగుతూ, ఇంకా విత్తనం పడలేదు కదా అంది.

విత్తనం వానలకి ముందు పడాల్సింది. కానీ నేల పొడిపొడిగా దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో విత్తితే పిట్టలకి వేసినట్టే. అందుకని ఆగాం. వాన అక్టోబరు రెండో వారంలో పడింది. చక్కటి వాన, జానెడు లోతు దిగింది. అన్నయ్య ట్రాక్టరుకి గొర్రు తగిలించుకుని ఇంటి ఎదురు గుట్ట ఎక్కాడు. నేను కింద విత్తనాల లారీ దగ్గర ఉన్నాను.

నా ఒంటి కంటికి కూడా తెలిసిపోయింది. సాళ్ళు తాగినవాడు నడిచినట్టు పోతున్నాయి. ఒకచోట ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఒకచోట మంచమంత ఖాళీ వదిలేశాయి. ఆ గుట్ట రోడ్డుకి ఎదురుగా ఉంటుంది. మొలక వచ్చాక దారినపోయే ప్రతివాడూ చదువుకుంటాడు. మధ్యాహ్నానికి అన్నయ్య దిగి వచ్చి, గొర్రులో ఏదో లోపం ఉందన్నాడు. గొర్రులో లోపం లేదు.

ఆదివారం లినేయా ఫోను చేసినప్పుడు, విత్తడం ఎంతవరకు వచ్చిందని అడిగిందట. అవుతోంది అన్నాడట అన్నయ్య. తర్వాత వదిన ఫోను తీసుకుని వాతావరణం గురించీ కుక్క గురించీ చెప్పింది. విత్తనం మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆ పిల్లకి వినిపించింది. మర్నాడు సాయంత్రానికి పికప్ ఇంటి ముందు ఉంది. రమ్మని ఎవరూ అనలేదు. వచ్చాక పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

"ఒక్క వారమేగా," అన్నాడు అన్నయ్య.

"ఆ వారం వాళ్ళకి ఎంతో నువ్వడిగావా?" అంది వదిన.

అన్నయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. వారం అంటే వారమే. మా ఏడాదిలో వారం అటూ ఇటూ అయితే ఏమీ కాదు. వాన ఆలస్యమైతే విత్తనం ఆలస్యమవుతుంది. మంచు ఆలస్యంగా కరిగితే పైరు ఆలస్యంగా లేస్తుంది. చివరికి అన్నీ ఆగస్టులోనే కలుసుకుంటాయి. లినేయా లెక్కల పుస్తకం ట్రాక్టరు అద్దం ముందు పెట్టుకుని వారమంతా విత్తింది. పుస్తకం తెరిచే ఉండేది. పేజీ తిరగడం నేను చూడలేదు. వంకర సాళ్ళ మీద మళ్ళీ విత్తి సరిచేసింది కూడా. తర్వాత దుమ్ము పట్టిన ఆ పుస్తకంతోనే కొండలు దాటి వెళ్ళిపోయింది.

నవంబరులో ఎదురు గుట్ట పచ్చగా లేచింది. సాళ్ళు తిన్నగా ఉన్నాయి. హార్లన్ రోడ్డు మీద బండి ఆపి చూసి వెళ్ళడం నేను గమనించాను. అన్నయ్య కూడా కిటికీలోంచి చూశాడు. ఆ పూట బాగా తిన్నాడు.

డిసెంబరులో లినేయా వచ్చింది. పండగకి వచ్చే పిల్ల సంచీతో వస్తుంది. ఈ పిల్ల పరుపుతో, దీపంతో వచ్చింది. నేను దించుతుంటే దీపం జాగ్రత్త బాబాయ్ అంది, అంతే. వంటింట్లో ముగ్గురూ నిలబడే ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను, చేతిలో దీపంతో.

లినేయా చెప్పింది నిదానంగా, లారీ బరువు చెప్పినట్టు. విత్తడానికి వచ్చిన వారంలోనే అక్కడ మొదటి పరీక్ష అయిపోయింది. తిరిగి వెళ్ళేసరికి క్లాసు రెండు పాఠాలు దాటింది. వాటిని అందుకునేలోపు రెండో పరీక్ష వచ్చింది. లెక్కలూ పోయాయి, భౌతికశాస్త్రమూ పోయింది. ఫీజు భరిస్తామన్నవాళ్ళు ఇక భరించలేమన్నారు.

"జనవరిలో మళ్ళీ మొదలవుతుంది కదా," అన్నాడు అన్నయ్య. "మూడు ముక్కలన్నారు."

"జనవరిలో మొదలయ్యేది రెండో ముక్క నాన్నా. మొదటిది గట్టెక్కనివాళ్ళని అందులోకి రానివ్వరు. మొదటిది మళ్ళీ వచ్చే సెప్టెంబరులోనే చెప్తారు."

"ఒక్క వారానికా?"

లినేయా కిటికీలోంచి ఎదురు గుట్ట చూసింది. మంచు పల్చగా పడి, కింద పచ్చదనం కనబడుతోంది. "ఆ పది వారాలు చలికి ముందు విత్తే గోధుమ కాదు నాన్నా," అంది. "మంచు కరిగాక విత్తే గోధుమ. ఒక్క వాన తప్పితే గింజ కట్టదు."

ఇంతకంటే వివరంగా ఎవరూ ఆ మనిషికి చెప్పలేరు. చలికి ముందు విత్తింది నేలలో ఎక్కువ కాలం ఉంటుంది. మంచు తింటుంది, ఎండ తింటుంది, ఒక వారం దెబ్బ తిన్నా మెల్లగా కోలుకుంటుంది. మంచు కరిగాక విత్తిన దానికి కోలుకునే వ్యవధి ఉండదు. ఇది అన్నయ్యకి పుట్టుకతో తెలుసు. గెట్టు రాళ్ళు చూసి పొలం కొనేవాణ్ణి మేం వెర్రివాడంటాం, మట్టి పిసికి చూడాలంటాం. కాలేజీ దగ్గరికి వచ్చేసరికి అతను ఈ కొస రాయీ ఆ కొస రాయీ చూసి ఊరుకున్నాడు.

అన్నయ్య చెయ్యి బల్ల మీద ఉంది. ఈసారి దాన్ని దాచుకోలేదు. బల్ల మీది చెంచాలు సన్నగా మోగాయి. వదిన వెళ్ళి ఆ చెంచాలు తీసి సొరుగులో పెట్టింది.

వదిన రెండు ముక్కల కాలేజీకి ఫోను చేసింది. అవతల మాట్లాడినామె మర్యాదగానే మాట్లాడిందట. అప్పుడిచ్చిన సీటూ సాయమూ స్కూలు నుంచి నేరుగా వచ్చేవాళ్ళకట. వేరే కాలేజీలో తప్పి వచ్చేవాళ్ళ సంగతి వేరట. ఈ మార్కులతో దరఖాస్తు చెయ్యమని తను సలహా ఇవ్వలేనందట. వదిన ఫోను పెట్టేసి, ఆ పిల్ల గొంతు చాలా బాగుంది, మన లినేయా వయసే ఉంటుంది అంది.

చలికాలం గడిచింది. లినేయా ఊళ్ళో గోదాములో పనికి కుదిరింది. మొదట ఆఫీసు ఊడవడం, తర్వాత కాటా దగ్గర. కిటికీ అవతల కూర్చుని వచ్చిన లారీ బరువు, ఖాళీ లారీ బరువు చెప్పడం. వంతెనల పుస్తకాలు మా ఇంటి అటక మీదికి వెళ్ళాయి. ఎవరు ఎక్కించారో నేను చూడలేదు. అన్నయ్యకి రెండో చేతిలోనూ వణుకు మొదలైంది. కాఫీ సగం కప్పే పోసుకునేవాడు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. కోత రోజుల్లో కాటా దగ్గర పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా మనిషి ఉండాలి. సెలవు పెట్టమని అన్నయ్య అడగలేదు. పెడతానని లినేయా అనలేదు. మొదటి రోజు నేను లారీ సిద్ధం చేసుకుని కొట్టం దగ్గర నిలబడితే, అన్నయ్య ఒక్కడే నడిచొచ్చి మిషన్ నిచ్చెన ఎక్కాడు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నేను ఒంటి కంటితోనైనా ప్రయత్నిస్తానన్నాను. "నువ్వు లారీ చూసుకో," అన్నాడు.

మొదటి లారీ నింపుకుని గోదాముకి వెళ్ళాను. కిటికీలో లినేయా తల ఎత్తింది.

"ఏ గుట్ట బాబాయ్?"

"ఎదురు గుట్ట."

"ఎవరు కోస్తున్నారు?"

ఆ పిల్ల బరువు చదివింది. వెనక లారీ హారన్ కొట్టింది. నేను ముందుకు పోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి మిషన్ గుట్ట మీద లేదు. వాలు సగంలో జారి, కింద పల్లంలో ఒక పక్కకి ఒరిగి ఉంది. అది జారిన దారి కోయని గోధుమలో దువ్వెన పెట్టినట్టు కనిపిస్తోంది. అన్నయ్య లోపల కూర్చునే ఉన్నాడు. దెబ్బ తగల్లేదు. దిగమంటే దిగడు. నావైపు చూడడు. హార్లన్ తన గుట్ట మీద నుంచి చూసినట్టున్నాడు, నడుచుకుంటూ వచ్చాడు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

"దిగు వెర్లిన్. పడమట మబ్బు పడుతోంది."

అన్నయ్య కదలకుండానే అన్నాడు. "రేపు ఎవర్నీ తీసుకురావద్దు."

"నేనెవర్నీ తీసుకురాను," అన్నాడు హార్లన్. "వాళ్ళే వస్తారు."

అప్పుడు దిగాడు. హార్లన్ చెయ్యి అందించాడు. అన్నయ్య పట్టుకున్నాడు.

మర్నాడు మంచు బిందువులు ఆరకముందే వచ్చారు. రోడ్డు మీద వరసగా మిషన్లు, వెనక లారీలు. ముందు మిషన్ హార్లన్‌ది. దాని వెనక మిషన్ మీద అతని చిన్న కూతురు టోవ్. రెండు ముక్కల కాలేజీకి ఆ పిల్ల వచ్చే సోమవారమే బయలుదేరుతోంది. వాళ్ళ పొలంలో సగం పంట ఇంకా నిలబడే ఉంది. కోత మధ్యలో ఎలా పంపుతున్నావని నేను అడిగితే హార్లన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "గోధుమ ఎవరో ఒకరు కోస్తారులే," అన్నాడు. అన్నాక అన్నయ్య వెనకే ఉన్నాడని చూసుకుని టోపీ పెట్టుకున్నాడు.

అన్నయ్య అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గుట్టల మీద దుమ్ము లేచింది. పొద్దు వాలేలోపు మా పొలమంతా కొయ్యకాళ్ళు. పైన కోసేవాళ్ళు ఏ సాలూ వదల్లేదు, శుభ్రంగా కోశారు. అతను ఇన్నాళ్ళూ ఇతరుల పొలాల్లో ఎలా కోశాడో అలాగే.

సాయంత్రం ఇంటి ముందు బల్లలు వేశాం. వదిన పొద్దుటి నుంచి రొట్టెలు కాలుస్తూనే ఉంది. పంది మాంసం ముక్కలు, బంగాళాదుంపల సలాడు, చెర్రీ కేకు. కాటా మూసేసి లినేయా వచ్చింది, ముఖం నిండా గోధుమ దుమ్ముతో. తండ్రి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఎవరూ అడక్కుండానే ఖాళీగా ఉంచారు. ఎదురుగా టోవ్ కూర్చుంది. ఇద్దరూ తల ఊపుకున్నారు.

అన్నయ్య ఫోర్కు ఎత్తాడు. అది పళ్ళేనికి తగిలి మోగింది. దించేశాడు. లినేయా అతని పళ్ళెం తన వైపు లాక్కుని మాంసం చిన్న ముక్కలుగా కోసింది, రొట్టెలో పెట్టి మడిచి, అతని ఎడమ చేతికి అందించింది. అతను తిన్నాడు. బల్ల చుట్టూ అందరూ తమ పళ్ళేలే చూసుకుంటూ తిన్నారు. వదిన రొట్టెల గిన్నె అందించింది. అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి బల్లంతా తిరిగి, ఖాళీ అయి, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది.